తెలివైన తలనొప్పి

"అగరొత్తి వెలిగించి కిటికీ అంచు వెంబడి మెల్లగా జరుపు. పొగ నిటారుగా లేస్తే ఫరవాలేదు. ఊగిందంటే అక్కడ సందు ఉన్నట్టే. పెన్సిల్‌తో గీత పెట్టేసుకో," అన్నారు మా ఆయన, సోఫాలో కాళ్ళు చాపుకుని ఫోన్‌లో వీడియో చూస్తూ. ఆ వీడియోలో మనిషి ఆ పనంతా తన చేత్తో తనే చేసుకుంటున్నాడు. మా ఇంట్లో వీడియో చూడటం ఆయన వంతు, చెయ్యడం నా వంతు.

చలి మొదలైంది. "మనం వెచ్చబెట్టుకుంటున్నది ఇంటిని కాదు, వీధిని. సందుల్లోంచి వేడంతా బయటికి పోతోంది, గ్యాసంతా తగలేస్తున్నాం," అని ఆయన వారం రోజులుగా అంటున్నారు. ఆ మాటలో తప్పేమీ లేదు. తలుపు కింద నుంచి చల్లగాలి నిజంగానే పాదాలు కొరికేది. అందుకని స్పాంజి పట్టీలు, వెండి రంగు టేపు, సిలికాన్ గమ్ము గొట్టాలు తెప్పించారు. అవన్నీ నా ముందు పెట్టి, ఆఫీసులో కింది ఉద్యోగికి ఫైలు అప్పగించినట్టు అప్పగించారు. గదులకే నాలుగు రోజులు పట్టింది నాకు. వంట అయ్యాక, అంట్లు అయ్యాక, మా అమ్మాయి బుడ్డికి స్నానం చేయించాక, అత్తయ్యకి కాళ్ళకి నూనె రాశాక మిగిలిన టైములో అగరొత్తి పట్టుకుని గోడల వెంట తిరిగేదాన్ని. కిటికీ చట్రాలు, తలుపుల అడుగులు, స్విచ్చి బోర్డుల అంచులు, పైపు గోడలోకి దూరిన చోట్లు, ఏదీ వదల్లేదు. గమ్ము వేళ్ళకి అంటుకుని చర్మం ఊడి వచ్చేది. "గోడలకి ఇంత శ్రద్ధగా పూస్తున్నావు, మొహానికి ఏనాడైనా ఇంత పౌడరు పూశావుటే?" అని అత్తయ్య నవ్వింది. నాకూ నవ్వొచ్చింది. అత్తయ్య నోరు కత్తెరే గానీ ఒక్కోసారి ఆ కత్తెర కూడా ముద్దొస్తుంది.

అయిదో రోజు వంటింట్లోకి వచ్చాను. మా వంటింటి గోడకి గ్యాస్ హీటర్ ఉంది. నీళ్ళు కాచేదీ, గదుల్లో గొట్టాలు వెచ్చబెట్టేదీ అదే. దాని పక్కన, నేలకి మూరెడు ఎత్తులో, అరచేయంత ఇనప జాలీ ఒకటి ఉంది. అక్కడ అగరొత్తి పెట్టగానే పొగ ఊగడం కాదు, అడ్డంగా పడుకుంది. "ఏవండీ, ఒకసారి రండి," అని కేకేశాను. ఆయన వచ్చి, వంగి చూసి, నా భుజం తట్టారు. "శభాష్! అసలు దొంగని పట్టుకున్నావు. ఇన్నాళ్ళూ ఇల్లంతా ఇక్కణ్ణుంచే కారిపోతోంది," అన్నారు.

ఆరేళ్ళ కాపురంలో ఆయన నోట శభాష్ అనే మాట వినడం అదే మొదలు. కూర బాగుంటే తినేస్తారు, బాగాలేకపోతే చెబుతారు, అంతే. నేను ఎంత మురిసిపోయానంటే, చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది. అట్ట ముక్క కొలిచి కత్తిరించాను. జాలీ మీద పెట్టి నాలుగు వైపులా టేపు వేశాను. టేపు మీద గమ్ము పూశాను. మళ్ళీ అగరొత్తి పెట్టి చూస్తే పొగ నిలువుగా, కదలకుండా నిలబడింది. సాయంత్రం ఆయన స్నేహితుడితో ఫోన్‌లో, "ఇల్లంతా సీల్ చేసేశాన్రా, చీమ దూరే సందు లేదు," అంటుంటే, చేశాను అన్న ఆ 'ను' గురించి కూడా నేను పట్టించుకోలేదు. ఇల్లు వెచ్చగా ఉంది. బుడ్డి స్వెట్టరు లేకుండా ఆడుకుంటోంది. అదే చాలనుకున్నాను.

రెండో వారంలో మొదలైంది తలనొప్పి. నుదుటికి ఎవరో గుడ్డ బిగించి మెలితిప్పుతున్నట్టు ఉండేది. పొద్దున్న వంట మొదలుపెట్టిన గంటకి వచ్చేది, మధ్యాహ్నానికి కడుపులో తిప్పేది. కూరలు తరుగుతూ తరుగుతూ కత్తి ఎందుకు పట్టుకున్నానో మరిచిపోయేదాన్ని. ఒకసారి స్టవ్ ముందు నిలబడి, వెలిగించానా ఆర్పానా అని ఎంతసేపు ఆలోచించానో తెలియదు. భయం వేసింది. మామూలు భయం కాదు. మా పిన్ని ఒకావిడ ఉండేది. ఇంట్లో ఉండి ఉండి మతి తప్పిందని ఆమె గురించి పెద్దవాళ్ళు గుసగుసలాడేవాళ్ళు. ఆమె ఏం చెప్పినా చివరి రోజుల్లో ఎవరూ వినలేదు. దాహం వేస్తోందన్నా కూడా, అదిగో మళ్ళీ మొదలెట్టింది అనేవాళ్ళు. నాకూ అదే రాబోతోందా? నేను చెప్పేది కూడా ఎవరూ వినని రోజు వస్తుందా? రాత్రి ఆయనతో అంటే, "నీకు భయపడటానికి ఏదో ఒకటి కావాలి. మొన్న బల్లి, నిన్న ఉరుము, ఇవాళ తల," అన్నారు. డాక్టరు దగ్గరికి వెళితే అతను నన్నడక్కుండా మా ఆయన్ని అడిగాడు, "ఇంట్లో ఏమన్నా టెన్షన్లు ఉన్నాయా?" అని. "ఏముంటాయండీ, హాయిగా ఇంట్లోనే ఉంటుంది," అన్నారు ఈయన. నరాలకి మాత్రలు రాసిచ్చాడు.

హాయిగా ఇంట్లోనే అన్న మాట పూర్తిగా నిజం కాదు. సోమ, బుధ, శుక్రవారాలు పొద్దుటిపూట పళ్ళ డాక్టరమ్మ క్లినిక్‌లో కౌంటర్ దగ్గర కూర్చుంటాను. ఫోన్లు ఎత్తడం, పేర్లు రాసుకోవడం, ఏడ్చే పిల్లలకి బెలూన్ ఇవ్వడం. ఆ మూడు పూటలూ బుడ్డిని అత్తయ్య చూస్తుంది. చూస్తున్నందుకు మిగతా నాలుగు రోజులూ దెప్పిపొడుపులు వింటాను.

తలనొప్పి నాకొక్కదానికే అయితే మాత్రలు మింగి ఊరుకునేదాన్నేమో. కానీ బుడ్డి మారిపోయింది. నాలుగేళ్ళ పిల్ల, నిలబడ్డచోట నిలబడని పిల్ల, మధ్యాహ్నం బొమ్మ చేతిలో పట్టుకునే నిద్రపోయేది. లేపితే కళ్ళు తెరిచి నన్ను ఎవరో అన్నట్టు చూసేది. "మంచిదేగా, అల్లరి తగ్గింది," అన్నారు ఆయన. అత్తయ్యకి కూర్చున్నచోట కళ్ళు తిరుగుతున్నాయి. తన కూతురి పేరు పిలవబోయి నోట మాట రాక తెల్లమొహం వేసింది. "వయసే తల్లీ, ఇంకేముంది," అని తనే సర్దిచెప్పుకుంది. ఆదివారం మధ్యాహ్నానికి ఆయన కూడా కణతలు నొక్కుకుంటూ, "వారమంతా కష్టపడ్డ అలసట ఇవాళ బయటపడుతుంది," అన్నారు. సోమవారం ఆఫీసుకెళ్ళి సాయంత్రం ఈల వేసుకుంటూ వచ్చారు. అత్తయ్యది వయసు, బుడ్డిది బుద్ధి, ఆయనది కష్టం, నాది భయం. ఒక్కొక్కళ్ళ జబ్బుకీ ఒక్కో పేరు పెట్టేసుకున్నాం.

ఆ బుధవారం పొద్దున్న నేను చెప్పులు వేసుకుంటుంటే అత్తయ్య కుర్చీలోంచి అంది: "బయటికి పోయే రోజు రాదు, ఇంట్లో చాకిరీ ఉన్న రోజు తప్పకుండా వస్తుంది. తెలివైన తలనొప్పే అమ్మా నీది!"

గుమ్మంలో ఉండగానే కళ్ళు చెమర్చాయి. బుడ్డి అప్పటికే అత్తయ్య కాళ్ళ దగ్గర రంగు పెన్సిళ్ళు పరుచుకుని కూర్చుంది, బద్ధకంగా చెయ్యి ఊపింది. బస్సులో ఆ మాటనే నమిలాను. ఎంత మాట అంది, కోడల్నని కదా, కూతురైతే అంటుందా, అని. క్లినిక్‌లో పది గంటలకి ఒకావిడ పన్ను నొప్పితో ఫోన్ చేసింది, రాసుకున్నాను. పదిన్నరకి ఇంకొకరు. అప్పుడు గమనించాను, నా తల తేలిగ్గా ఉంది. పొద్దున్న వంటింట్లో మొదలైన నొప్పి ఏ మలుపులో పోయిందో పోయింది. అత్తయ్య చెప్పింది నిజమే, బయటికి వచ్చిన రోజు నొప్పి ఉండదు. ఎత్తిపొడుపులో ఉన్న కారాన్ని కాసేపు పక్కన పెట్టి చూస్తే అది అచ్చంగా నిజం. బద్ధకం వల్ల అని ఆవిడ అనుకుంటోంది. మరి అత్తయ్య మొన్న కూతురింటికి వెళ్ళి నాలుగు రోజులు ఉంటే కళ్ళు తిరగలేదే? పార్కుకి తీసుకెళితే బుడ్డి మునుపటిలా గెంతులేసిందే? ఆయనకి ఆదివారం మాత్రమే ఎందుకొస్తుంది? ఆదివారం ఆయన ఇంట్లో ఉంటారు.

ఇంట్లో.

పెన్ను కింద పెట్టేశాను. హీటర్‌కి ఉన్న చిన్న అద్దంలోంచి కనిపించే మంట మునుపు నీలంగా, పొట్టిగా ఉండేది. ఈ మధ్య పసుపుగా, సాగి సాగి నాలుకలా ఆడుతోంది. దాని పైన గోడ మసిబారింది, నేనే రెండుసార్లు తుడిచాను. తుడిచాను గానీ ఎందుకు మసి పడుతోందని అడగలేదు. చిన్నప్పుడు అమ్మమ్మ చెప్పేది, తలుపులు బిగించుకుని గదిలో కుంపటి పెట్టుకుని పడుకున్నవాళ్ళు పొద్దున్న లేవలేదని, మొహాలు ఎర్రగా నిద్రపోతున్నట్టే ఉన్నాయని. జాలీ. ఆ జాలీ సందు కాదు. ఆ మంట ఊపిరి పీల్చుకోవడానికి ఎవరో కావాలని పెట్టిన ముక్కు. దాన్ని నేను నొక్కిపెట్టాను.

ఇంటికి ఫోన్ చేశాను. మోగుతోంది, ఎత్తలేదు. మళ్ళీ చేశాను. మళ్ళీ. అత్తయ్య ఫోన్ పక్కనే పెట్టుకునే మనిషి, రెండోసారి మోగేసరికల్లా "ఆఁ" అంటుంది. ఆయనకి చేశాను. "మీటింగులో ఉన్నా. అమ్మ పడుకుని ఉంటుంది. మళ్ళీ మొదలెట్టావా?" అని గొంతు తగ్గించి కసిరారు.

మళ్ళీ మొదలెట్టావా. మా పిన్నిని అన్న మాట.

"మేడమ్, నేను ఇంటికి వెళ్ళాలి," అన్నాను. డాక్టరమ్మ మాస్కు దించి గడియారం చూసింది. "మళ్ళీ ఇల్లేనా? వెళ్ళండి గానీ ఇలాగైతే ఇంకొకర్ని చూసుకోవాల్సి వస్తుంది," అంది. సరే అన్నానో లేదో గుర్తులేదు. వీధిలోకి వచ్చి పరుగెత్తాను. బస్‌స్టాపు దగ్గర ఒక్కసారి ఆగాను. ఎందుకు ఆగానో చెబుతాను. ఇంటికెళితే అత్తయ్య తలుపు తీసి, "ఏమైందే, ఉద్యోగం మానేసి వచ్చావు?" అంటే? నలుగురిలో నవ్వులపాలైతే? ఆయన జీవితాంతం ఈ కథ చుట్టాలకి చెప్పి నవ్విస్తే? ఒకవైపు నా పిల్ల ప్రాణం, ఇంకోవైపు ఎవరో నవ్వుతారేమోనన్న భయం, ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి తూచుతూ నేను రెండు నిమిషాలు నిలబడ్డాను. ఆ రెండు నిమిషాలకి నన్ను నేను ఇప్పటికీ క్షమించుకోలేదు. తర్వాత ఆటో కనిపించింది, ఎక్కాను. ఆటోలో ఉన్నంతసేపూ ఫోన్ మోగిస్తూనే ఉన్నాను.

తాళం తీసినా తలుపు రాలేదు. నేను అంటించిన స్పాంజి పట్టీలు అంత గట్టిగా పట్టుకున్నాయి. భుజంతో తోస్తే మూడోసారికి ఊడింది. లోపల వెచ్చగా, చెమ్మగా ఉంది. వాసన ఏమీ లేదు, అదే ఘోరం. కిటికీ అద్దాల మీంచి నీళ్ళు కారుతున్నాయి. అత్తయ్య కుర్చీలో వెనక్కి వాలి ఉంది, నోరు తెరుచుకుని, బుగ్గలు ఎర్రగా. ఒళ్ళో ఫోన్, ఎత్తని కాల్స్ పక్కన నా పేరు వెలుగుతూ ఆరుతూ ఉంది. బుడ్డి కింద, కాగితం మీద చెంప పెట్టుకుని ఉంది. "బుడ్డీ!" అని అరిచాను. కదల్లేదు. నా గొంతులోంచి వచ్చిన చప్పుడు నాదేనా అనిపించింది. పిల్లని ఎత్తుకుని మెట్ల మీదికి పరుగెత్తాను. కింద వాటాలో దర్జీ కుట్టుమిషన్ ఆపి పైకి చూశాడు. "అన్నా, పట్టుకో, అంబులెన్సుకి చెయ్యి!" అని పిల్లని అతని చేతుల్లో పెట్టి మళ్ళీ లోపలికి వచ్చాను. హీటర్ కట్టేశాను. కిటికీ తియ్యబోతే రాలేదు. గమ్ము. నా చేత్తో, నా వేళ్ళ తోలు ఊడేలా పూసిన గమ్ము. ముక్కాలి పీట ఎత్తి అద్దం మీద కొట్టాను. చల్లగాలి మొహాన కొట్టింది. అత్తయ్యని చంకల కింద పట్టుకుని లాగాను. ఆవిడ నాకన్నా ఒళ్ళున్న మనిషి, ఏ బలంతో లాగానో తెలియదు. గుమ్మం దాటుతుంటే ఆవిడ మడమలు నేలకి రాసుకుంటున్నాయి. "అత్తయ్యా, ఇంకొక్క అడుగు, తిట్టండి నన్ను, ఏదో ఒకటి అనండి," అని ఏడుస్తూ లాగాను.

మెట్ల మీద బుడ్డి వాంతి చేసుకుని ఏడ్చింది. పిల్ల ఏడుపు విని అంత సంతోషించిన తల్లి ఇంకొకత్తె ఉండదు.

ఆసుపత్రిలో ఇద్దరికీ ఆక్సిజన్ పెట్టారు. మంటకి గాలి చాలక పుట్టిన విషవాయువు పీల్చారు, ఇంకో గంట ఆలస్యమైతే చెప్పలేకపోయేవాళ్ళం, అన్నాడు డాక్టరు. సాయంత్రానికి అత్తయ్య మాస్కు వెనక నుంచి నన్ను చూసి కళ్ళు ఆర్పింది. ఆయన వచ్చారు. చొక్కా అంతా చెమటే. బుడ్డి పాదాలు పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చారు. ఆయన ఏడవడం నేనెప్పుడూ చూడలేదు. జాలేసింది కూడా. వీపు మీద చెయ్యి వేశాను. కాసేపటికి మొహం తుడుచుకుని నన్ను వరండాలోకి తీసుకెళ్ళారు.

"గ్యాసు ఆఫీసు నుంచి మనిషి వస్తున్నాడు. ఇల్లు చూశాడట. ఎవరు మూశారని అడుగుతాడు," అన్నారు.

"చెబుదాం," అన్నాను.

"చూడు, ఆ జాలీ మీద రాసున్నది గమనించలేదని చెప్పు. నువ్వైతే తెలియక చేశావనుకుంటారు, ఆడవాళ్ళకి ఇవన్నీ ఏం తెలుస్తాయని వదిలేస్తారు. నా పేరు వస్తే కేసనీ అదనీ ఆఫీసుదాకా పోతుంది. మన మంచికే చెబుతున్నా."

ఇక్కడిదాకా ఒక్క ముక్క చెప్పకుండా దాటేశాను. సిగ్గేసి దాటేశాను. ఆ రోజు అట్ట కత్తిరించి జాలీ దగ్గర కూర్చున్నప్పుడు, దాని ఇనప పట్టీ మీద రంగు కింద చిన్న అక్షరాలు కనిపించాయి. కొంగుతో తుడిచాను. 'దీనిని ఎట్టి పరిస్థితుల్లోనూ మూయరాదు' అని ఉంది. "ఏవండీ, మూయకూడదని రాసుందండీ ఇక్కడ," అని చదివి వినిపించాను. "అవన్నీ కంపెనీ వాళ్ళు రాసుకునేవి. చెప్పింది చెయ్యి," అన్నారు ఆయన, ఫోన్‌లోంచి తలెత్తకుండా. భుజం మీద ఆయన తట్టిన చోటు ఇంకా వెచ్చగా ఉంది నాకు. శభాష్ అన్న మనిషి చేత ఇంకో నిమిషంలో తిట్టించుకోవడం ఇష్టం లేకపోయింది. ఆ అక్షరాల మీదే అట్ట పెట్టాను. బస్‌స్టాపులో, ఆటోలో, ఆసుపత్రి వరండాలో నన్ను తింటున్న అసలు భయం అదే. తెలియక చేసింది కాదు, తెలిసి చేశాను.

గ్యాసు ఆఫీసు మనిషి నడివయసు వాడు. అట్ట మీద కాగితం బిగించుకుని వచ్చాడు. పిల్ల ఎలా ఉందని ముందు అడిగాడు. తర్వాత పెన్ను తీసి, "జాలీ మూయరాదని దాని మీదే రాసుందండీ. ఎవరూ చూసుకోలేదా?" అన్నాడు, మా ఆయన వైపు చూస్తూ.

"మా ఆవిడ మూసిందండి. పాపం, చూసుకోలేదు," అన్నారు ఆయన. నా మోచెయ్యి పట్టుకుని ఉన్నారు, మెల్లగా నొక్కారు.

ఆ మనిషి నావైపు తిరిగాడు. చూసుకోలేదంటే సరిపోతుంది. ఎవరైనా నమ్ముతారు, అంత సులువుగా నమ్మే అబద్ధం నా గురించి ఇంకోటి లేదు. ఇల్లు నిలబడుతుంది. చూశానంటే తల్లిని నేను, తెలిసి తెలిసి పిల్ల ఊపిరి మూసినదాన్ని అవుతాను. చుట్టాలు, ఆడబిడ్డ, క్లినిక్కు, రేప్పొద్దున్న ఎదిగాక బుడ్డి, అందరూ అడుగుతారు. గోడకి ఆనుకున్నాను. మోచెయ్యి విడిపించుకున్నాను.

"చదివానండి," అన్నాను. "పైకే చదివాను. ఈయన విన్నారు. మూసెయ్యమన్నారు, మూశాను. మా ఇద్దరి పేర్లూ రాసుకోండి."